అన్నిచోట్లా తెరుచుకుంటే సరిపోతుందా?

కొత్తగా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొన్నవాళ్లు ఎవరిని అడిగినా వచ్చే సలహా ఒక్కటే: ‘ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసేయండి. విండోస్‌లో తెరుచుకుంటుంది, మ్యాక్‌లో తెరుచుకుంటుంది, టీవీలో ఆడుతుంది. ఇక గొడవే ఉండదు.’ కంప్యూటర్ షాపు కుర్రాడు ఇదే చెబుతాడు, ఆఫీసులో సిస్టమ్స్ చూసే ఆయన ఇదే చెబుతాడు, యూట్యూబ్‌లో పాఠాలు చెప్పేవాళ్లూ ఇదే చెబుతారు. ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. పెన్‌డ్రైవ్ వరకు ఈ మాటతో నాకు పేచీ లేదు. ఇంటిల్లిపాది ఫొటోలూ, పెళ్లి వీడియోలూ, పొలం కాగితాల స్కాన్లూ, పోయిన పెద్దవాళ్ల గొంతు రికార్డింగులూ ఏళ్ల తరబడి దాచుకోవాలని కొన్న డిస్కుకు మాత్రం ఇది చెడ్డ సలహా. అలాంటి డిస్కు ముందుగా ఎన్ని యంత్రాల్లో తెరుచుకుంటుందని చూడకూడదు. రాస్తుండగా మధ్యలో తెగిపోతే ఏమవుతుందని చూడాలి.

ఈ సలహాకు ఇంత పలుకుబడి ఊరికే రాలేదు. ఎక్స్‌ఫ్యాట్‌కు ముందు అందరి చేతుల్లో ఉన్నది ఫ్యాట్32. 1996లో విండోస్ 95 రెండో విడతతో వచ్చింది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీకి మించకూడదు. వీడియోలు చిన్నవిగా ఉన్న రోజుల్లో అది ఎవరికీ అడ్డు కాలేదు. హెచ్‌డీ కెమెరాలు వచ్చాక పెళ్లి వీడియో ఒక్క ఫైలే ఆ హద్దు దాటింది. పెన్‌డ్రైవ్‌లో బోలెడంత ఖాళీ కనబడుతున్నా ఫైలు పట్టదని కంప్యూటర్ మొరాయించేది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఆ హద్దు లేదు గానీ మ్యాక్ దానిలోకి రాయదు. ఆ ఇరకాటంలోంచి బయటపడేసింది ఎక్స్‌ఫ్యాట్. మైక్రోసాఫ్ట్ 2006లో విండోస్ సీఈ 6.0తో దాన్ని తెచ్చింది. 2008లో విస్టా మొదటి సర్వీస్ ప్యాక్‌లో పెట్టింది. 2009లో ఎస్‌డీఎక్స్‌సీ మెమరీ కార్డులకు అదే ప్రమాణమైంది. 2010లో ఆపిల్ మ్యాక్ ఓఎస్ 10.6.5లో చేర్చింది. 2019లో మైక్రోసాఫ్ట్ దాని నిర్మాణ వివరాలు బయటపెట్టాక లినక్స్ కెర్నల్‌లోకీ వచ్చింది. పెద్ద ఫైళ్లను ఇన్ని రకాల యంత్రాల్లో చదవనిచ్చే, రాయనిచ్చే ఫార్మాట్ మరొకటి లేదన్న మాట నిజం. 4 జీబీ దగ్గర విసిగిపోయినవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకోవడమూ సహజమే. చేతులు మారే కార్డు కోసం చేసినదాన్ని దాచిపెట్టే డిస్కుకు అంటగట్టడంలోనే పొరపాటంతా ఉంది.

డిస్కులోకి ఒక ఫొటో కాపీ చేసినప్పుడు లోపల జరిగేది ఒక్క పని కాదు. ఫొటో బైట్లు ఒకచోట పడాలి. ఆ ఫైలు ముక్కలు ఏ వరసలో ఉన్నాయో అవసరమైతే ఫ్యాట్ పట్టికలో రాయాలి. ఏయే గళ్లు నిండాయో చెప్పే బిట్‌మ్యాప్‌లో గుర్తు పెట్టాలి. ఫోల్డర్‌లో ఫైలు పేరు, సైజు, మొదలయ్యే చోటు ఎక్కించాలి. ఇవన్నీ డిస్కు మీద వేర్వేరు చోట్ల, ఒకదాని వెనుక ఒకటి పడే రాతలు. నడుమ కరెంటు పోయినా, కేబుల్ కదిలినా ఒకచోట రాత పడుతుంది, మరోచోట పడదు. దీనికి ఎక్స్‌ఫ్యాట్ చేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. రాత మొదలుపెట్టే ముందు ‘పని నడుస్తోంది’ అని ఒక గుర్తు పెడుతుంది, పని ముగిశాక దాన్ని చెరిపేస్తుంది. తర్వాతిసారి డిస్కు తగిలించినప్పుడు ఆ గుర్తు అలాగే ఉంటే, ఏదో తేడా జరిగిందని కంప్యూటర్‌కు తెలుస్తుంది. ఏ ఫైలు దగ్గర, ఏ రాత దగ్గర ఆగిందో ఆ గుర్తు చెప్పదు. పైగా ఫ్యాట్32లో ఆ పట్టికకు మామూలుగా రెండు ప్రతులు ఉండేవి. మన కంప్యూటర్లు తయారుచేసే ఎక్స్‌ఫ్యాట్‌లో ఉండేది ఒక్కటే.

ఎన్‌టీఎఫ్‌ఎస్ తీరు వేరు. పాతకాలపు కొట్టులో ముందు చిట్టాలో రాసుకుని తర్వాత ఆవర్జాలోకి ఎక్కించినట్టే, ఇది కూడా జరగబోయే మార్పును ముందుగా ఒక లాగ్‌లో రాసుకుంటుంది. ఆ తర్వాతే అసలు పట్టికల జోలికి పోతుంది. మధ్యలో ఆగిపోతే, డిస్కు మళ్లీ తగిలించగానే విండోస్ ఆ లాగ్ తిరగేస్తుంది. నిర్ణయమైపోయిన మార్పును పూర్తి చేస్తుంది, సగంలో ఉన్నదాన్ని కొట్టేస్తుంది. డిస్కంతా వెతకాల్సిన పని లేకుండా, సాధారణంగా మనకు తెలియకుండానే ఇది అయిపోతుంది. దీన్నే జర్నలింగ్ అంటారు.

ఇదేమీ నిన్నమొన్నటి వింత కాదు. ఐబీఎం 1990లోనే తన ఏఐఎక్స్‌లో జర్నలింగ్ పెట్టింది. ఎన్‌టీఎఫ్‌ఎస్ 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో వచ్చింది. లినక్స్‌లో ఈఎక్స్‌టీ3 2001లో, ఆపిల్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌కు జర్నల్ 2002లో చేరాయి. 2017లో ఆపిల్ తెచ్చిన ఏపీఎఫ్‌ఎస్ ఇంకో దారి పట్టింది. పాత రాత మీద కొత్తది రాయకుండా, కొత్తది వేరేచోట పూర్తిగా రాసుకున్నాకే దాన్ని అసలుగా లెక్కలోకి తీసుకుంటుంది. అంటే కంప్యూటర్ లోపల ఉండే డిస్కుకు జర్నల్ గానీ, దానికి సాటి వచ్చే రక్షణ గానీ లేకుండా ఏ కంపెనీ ఇవాళ మనకు యంత్రం అమ్మడం లేదు. విండోస్‌ను ఎక్స్‌ఫ్యాట్ డిస్కు మీద ఇన్‌స్టాల్ చేసుకోమని మైక్రోసాఫ్టే అనదు. బల్ల మీద కదలకుండా ఉండే డిస్కుకు తప్పనిసరి అనుకున్న రక్షణ, సంచిలో తిరుగుతూ సన్నటి కేబుల్‌కు వేలాడే డిస్కుకు మాత్రం అక్కర్లేదా?

ఆ కేబుల్ సంగతే చూద్దాం. పోర్టబుల్ హార్డ్ డిస్కుల్లో చాలావాటికి ఇప్పటికీ వెడల్పాటి మైక్రో బి కనెక్టర్ వస్తోంది. కొంత కాలం వాడేసరికి వదులవుతుంది. డిస్కును కాస్త జరిపితే చాలు, లైటు ఆరి వెలుగుతుంది. మన ఇళ్లలో డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉండటం తక్కువ, ఉన్నా దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఫొటోలు కాపీ పెట్టి భోజనానికి లేచామంటే, తిరిగి వచ్చేలోపు కరెంటు ఒకసారి పోయి రావడం విడ్డూరమేమీ కాదు. చిన్నపిల్లలున్న ఇంట్లో కేబుల్‌కు కాలు తగలడమూ అంతే. ఇవేవీ అరుదైన ప్రమాదాలు కావు, డిస్కు జీవితంలో తప్పకుండా ఎదురయ్యే మామూలు రోజులు. ఈ రోజుల్ని తట్టుకోలేని ఫార్మాట్‌ను ‘గొడవలేనిది’ అనడం నాకు మింగుడుపడదు.

తర్వాత ఏం జరుగుతుందో కూడా చూడండి. డిస్కు తగిలించగానే విండోస్ ఒక్కోసారి ఒక పెట్టె చూపిస్తుంది, ఈ డ్రైవ్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని. లోపల ఫొటోలన్నీ చెక్కుచెదరకుండానే ఉండొచ్చు. వాటి దగ్గరికి దారి చూపే పట్టిక ఒక్కటే చెడి ఉండొచ్చు. కానీ ఆ పెట్టె చూసిన పెద్దాయనకు ఆ సంగతి తెలియదు. కంప్యూటర్ అడిగింది కదా అని సరే నొక్కుతాడు. మ్యాక్‌లో తంతు ఇంకోలా ఉంటుంది. ‘పని నడుస్తోంది’ అన్న గుర్తు చెరగని ఎక్స్‌ఫ్యాట్ డిస్కు తగిలిస్తే మ్యాక్ ముందు లోపల్లోపల తనిఖీ మొదలుపెడుతుంది. అది అయ్యేదాకా డిస్కు తెర మీదికే రాదు. డిస్కు పెద్దదైతే, ఫైళ్లు ఎక్కువైతే ఎంతసేపైనా పట్టొచ్చు. తనిఖీ నడుస్తోందని ఎవరూ చెప్పరు కనుక డిస్కు పోయిందనుకుని కేబుల్ పీకుతారు, మళ్లీ పెడతారు, మళ్లీ పీకుతారు. ఉన్న దెబ్బ మీద ఇంకో దెబ్బ. ఇంటి జ్ఞాపకాలు ఇలా పోగొట్టుకుని డేటా రికవరీ వాళ్ల చుట్టూ తిరిగేవాళ్లను చూస్తే నాకు కోపం వారి మీద రాదు, మొదటి రోజు వారికి ఆ సలహా ఇచ్చినవారి మీద వస్తుంది.

ఇక ఎదుటివారి వాదనలు. మొదటిది, విండోస్ 10 1809 వెర్షన్ నుంచి, అంటే 2018 చివరి నుంచి, బయటి డిస్కులకు ‘క్విక్ రిమూవల్’ పద్ధతే మామూలుగా ఉంటుంది కదా, రాసేది వెంటనే డిస్కులో పడిపోతుంది, ఇక భయమెందుకు అని. ఈ పద్ధతి కాపీ అయిపోయిన తర్వాత పీకినవారిని కాపాడుతుంది. కాపీ నడుస్తుండగా తెగితే చేయగలిగేదేమీ లేదు. గంటసేపు సాగే కాపీలో గంటసేపూ ఆ పట్టికలు మారుతూనే ఉంటాయి. పైగా ఇది విండోస్ సంగతి. మ్యాక్, లినక్స్ తమ పద్ధతిలో రాతల్ని మెమరీలో కాసేపు ఆపుకుంటాయి. అన్ని యంత్రాల్లో వాడటానికే ఎక్స్‌ఫ్యాట్ అని చెప్పేవారు ఒక్క విండోస్‌లో ఉన్న సౌకర్యాన్ని రక్షణగా చూపడం కుదరదు.

రెండో వాదన బలమైనది. జర్నల్ కాపాడేది పట్టికల్నే, ఫైల్లో ఉన్న సరుకును కాదు, కాబట్టి ఎన్‌టీఎఫ్‌ఎస్ అయినా ఆ క్షణంలో రాస్తున్న ఫొటో పోవచ్చు కదా అంటారు. పోవచ్చు. ఒప్పుకుంటాను. కానీ పోయేది ఆ ఫొటో. దాని అసలు ఫోన్‌లోనో కెమెరా కార్డులోనో ఇంకా ఉంటుంది, మళ్లీ కాపీ చేసుకోవచ్చు. పట్టిక చెడినప్పుడు పోయేది మనం ముట్టుకోని పాత సరుకు. కొత్తగా పది ఫొటోలు వేస్తున్న ఫోల్డర్ రాత సగంలో చెడితే, అందులో ఏనాటి నుంచో ఉన్న వేల ఫొటోల పేర్లూ చోట్లూ దానితోపాటే గల్లంతు కావచ్చు. వాటి అసళ్లు ఫోన్‌లోంచి ఎప్పుడో తుడిచేసి ఉంటాం, డిస్కులో ఉన్నాయన్న ధైర్యంతో. ఈ రెండు నష్టాల్నీ ఒకే గాటన కట్టేవారు దాచుకోవడమంటే ఏమిటో ఆలోచించలేదనే అంటాను. రెండో ప్రతి లేకుండా ఏ ఫార్మాటూ ఎవరినీ పూర్తిగా కాపాడదు, అదీ నిజమే. మన ఇళ్లలో రెండో ప్రతి సాధారణంగా ఉండదన్నది అంతకంటే పెద్ద నిజం. ఉన్న ఒక్క ప్రతిని గట్టి నేల మీద పెట్టమనే నేను అడుగుతున్నది.

అందరూ ఎక్కువగా చెప్పేది మూడోది. అమెరికా నుంచి అబ్బాయి మ్యాక్‌బుక్ తెస్తాడు, అందులో తెరుచుకోకపోతే ఎలా? తెరుచుకుంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును మ్యాక్ ఏ అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండా చదువుతుంది. రాయదు, అంతే. ఆ అబ్బాయి వచ్చినప్పుడు చేసేదేమిటి? అమ్మానాన్నల డిస్కులోంచి పాత ఫొటోలు తన మ్యాక్‌లోకి తీసుకుంటాడు. దానికి చదవడం చాలు. తన ఫొటోలు ఇంట్లో ఇచ్చి వెళ్లాలనుకుంటే చిన్న పెన్‌డ్రైవ్‌లో ఇస్తాడు, లేదా ఆన్‌లైన్‌లో పంపుతాడు. ఎప్పుడో ఒకసారి వచ్చే ఆ నాలుగు గంటల కోసం మిగతా కాలమంతా విండోస్‌కే తగిలి ఉండే డిస్కును బలహీనంగా ఉంచడం ఏం న్యాయం?

టీవీ మాటా ఇంతే. హాల్లో ఉన్న టీవీ అన్ని ఫార్మాట్లూ చదువుతుందని నమ్మకం లేదు. ఎక్స్‌ఫ్యాట్ వాడాలంటే చాలా ఏళ్లపాటు మైక్రోసాఫ్ట్ దగ్గర లైసెన్సు తీసుకోవాల్సి ఉండేది. అందుకే ఫ్యాట్32, ఎన్‌టీఎఫ్‌ఎస్ చదివి ఎక్స్‌ఫ్యాట్‌ను గుర్తించని పాత టీవీలు, ప్లేయర్లు ఇంకా ఇళ్లలో ఉన్నాయి. కారు స్టీరియోల్లో చాలావాటికి ఫ్యాట్32 తప్ప మరొకటి ఎక్కదు. అంటే ‘ఎక్కడైనా ఆడుతుంది’ అన్న మాటే సగం నిజం. ఫోన్ విషయంలో మాత్రం వాళ్ల మాట ఒప్పు. చాలా ఫోన్లు ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను పట్టించుకోవు. అయితే ఫోన్‌లోంచి ఫొటోలు కంప్యూటర్‌లోకి దించి, అక్కడినుంచి డిస్కులోకి వేయడం పెద్ద కష్టమా?

స్టూడియోల వాళ్లు, సినిమా కెమెరామెన్లు ఎక్స్‌ఫ్యాటే వాడుతున్నారు కదా అని నాలుగో మాట. వాళ్లు కార్డు నుంచి ఆ రోజు సాయంత్రానికే సరుకు దించుకుంటారు, రెండుచోట్ల పెట్టుకుంటారు, కార్డును కెమెరాలోనే మళ్లీ ఫార్మాట్ చేస్తారు. ఆ కార్డు మీద సరుకు ఒక పూట ఉంటుంది. ఆ పనికి ఎక్స్‌ఫ్యాట్ చక్కగా సరిపోతుంది, చిన్న పరికరంలో తక్కువ మెమరీతో పనిచేయడానికే దాన్ని అంత సాదాగా కట్టారు. పెళ్లివారికి స్టూడియో ఇచ్చే డిస్కు పరిస్థితి అది కాదు. అది బీరువాలో ఏళ్ల తరబడి ఉండాలి.

చోటు సంగతి చాలామంది పట్టించుకోరు. 1 టీబీ డిస్కు 931 జీబీగా కనబడితే ఫార్మాట్ తినేసిందని కొందరు బాధపడతారు. అది ఫార్మాట్ వల్ల కాదు, తయారీదారు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కపెట్టడం వల్ల. అసలు తినేది వేరే ఉంది. డిస్కు మీద చోటును గళ్లుగా విడగొడతారు, ఎంత చిన్న ఫైలైనా ఒక గడి మొత్తం పట్టుకుంటుంది. 32 జీబీ దాటిన ఎక్స్‌ఫ్యాట్ డిస్కుకు విండోస్ మామూలుగా ఇచ్చే గడి 128 కేబీ. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు 16 టీబీ వరకు 4 కేబీ. నాలుగేసి కేబీల చిన్న ఫైళ్లు లక్ష ఉన్నాయనుకోండి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 400 ఎంబీ చిల్లర పడతాయి. ఎక్స్‌ఫ్యాట్‌లో దాదాపు 13 జీబీ. పెద్ద వీడియోలకు ఈ తేడా లెక్కలోకి రాదు. ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థి ప్రాజెక్టులకూ, అకౌంట్స్ రాసేవారి ఫోల్డర్లకూ, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ల బ్యాకప్‌కూ గట్టిగానే వస్తుంది. విద్యార్థికి ఇంకో చిక్కు కూడా ఉంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫైళ్ల అనుమతులు, సింబాలిక్ లింకులు ఉండవు కాబట్టి లినక్స్ ప్రాజెక్టును అందులో పెట్టి తిరిగి తీస్తే కొన్ని పనిచేయకుండా పోతాయి.

మ్యాక్ ఇళ్లకు ఈ సలహా ఇంకా నష్టం. టైమ్ మెషీన్ బ్యాకప్ ఎక్స్‌ఫ్యాట్ మీద నడవదు. ఫొటోస్ లైబ్రరీని బయటి డిస్కులో పెట్టాలంటే ఏపీఎఫ్‌ఎస్ గానీ మ్యాక్ ఓఎస్ ఎక్స్‌టెండెడ్ (హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్) గానీ ఉండాలని ఆపిలే చెబుతోంది. ఎక్స్‌ఫ్యాట్‌లో పట్టని అదనపు సమాచారం ఉన్న ప్రతి ఫైలుకూ మ్యాక్ చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఒక తోక ఫైలు తగిలిస్తుంది. అదే డిస్కు విండోస్‌లో తెరిస్తే ఫొటోల మధ్య తెరుచుకోని దొంగ ఫొటోల్లా అవి కనబడి జనాన్ని కంగారుపెడతాయి.

మరి ఏం చేయాలి? ఇంట్లో ప్రధానంగా విండోస్ ఉంటే ఎన్‌టీఎఫ్‌ఎస్. మ్యాక్ ఉంటే, ఎస్‌ఎస్‌డీకి ఏపీఎఫ్‌ఎస్, లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్కుకు మ్యాక్ ఓఎస్ ఎక్స్‌టెండెడ్ జర్నల్డ్. టైమ్ మెషీన్‌కు ఇచ్చే డిస్కయితే, 2020లో వచ్చిన బిగ్ సర్ నుంచి దాన్ని ఏపీఎఫ్‌ఎస్‌గానే ఉంచడం మేలు. లినక్స్ ఒక్కటే వాడేవారికి ఈఎక్స్‌టీ4. లినక్స్, విండోస్ రెండూ ఉన్నవారు ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టుకోవచ్చు, 2021లో 5.15 కెర్నల్‌తో దానిలోకి రాయగల డ్రైవర్ లినక్స్‌లోనే చేరింది. మ్యాక్ నుంచీ విండోస్ నుంచీ రోజూ ఒకే సరుకులోకి రాయాల్సిన వృత్తివాళ్లు కొందరు ఉంటారు, ఎడిటింగ్ చేసేవాళ్లలాగా. వాళ్లకు అటూఇటూ మోయడానికి ఒక చిన్న ఎక్స్‌ఫ్యాట్ ఎస్‌ఎస్‌డీ, దాచడానికి విడిగా ఒక పెద్ద డిస్కు ఉండాలి. డబ్బు ఒక్కదానికే ఉంటే అదే డిస్కును రెండు పార్టిషన్లు చేసి, చిన్న భాగాన్ని ఎక్స్‌ఫ్యాట్‌గా, పెద్ద భాగాన్ని ఇంటి యంత్రానికి తగ్గ ఫార్మాట్‌లో ఉంచుకోవచ్చు. డిస్కు 2 టీబీ దాటినదైతే పార్టిషన్ పద్ధతి జీపీటీ అని ఎంచుకోవాలి, పాత ఎంబీఆర్‌కు అంతకు మించి లెక్క అందదు.

సలహా ఇచ్చేవారికి కనబడేది కొన్న రోజు. ఆ రోజు ఎక్స్‌ఫ్యాట్ డిస్కు అన్నిచోట్లా తెరుచుకుని అందరికీ సంతోషం కలిగిస్తుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు మ్యాక్‌లో రాయనివ్వక చిరాకు తెప్పిస్తుంది. డిస్కు తెగిపడే రోజు మూడేళ్లకో అయిదేళ్లకో వస్తుంది. అప్పుడు ఆ సలహా ఇచ్చినవారు దగ్గర ఉండరు. పాడైంది డిస్కు అనుకుంటారు గానీ దాని మీద వేసిన ఫార్మాట్ గురించి ఎవరూ అడగరు. ఈ తప్పు ఇన్నేళ్లుగా బయటపడకుండా సాగిపోవడానికి కారణం ఇదే.

ఈ నిర్ణయం కొన్న రోజునే జరగాలని నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. ఫ్యాట్32 డిస్కును సరుకు చెరగకుండా ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మార్చే ఆదేశం విండోస్‌లో ఉంది. ఎక్స్‌ఫ్యాట్‌ను అలా మార్చడం దానికి చేతకాదు. నిండిన డిస్కును మార్చాలంటే సరుకంతా మరోచోటికి ఎత్తి, ఫార్మాట్ చేసి, తిరిగి తేవాలి. దానికి అంతే పెద్ద ఇంకో డిస్కు కావాలి. కొత్త డిస్కులు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌తోనే పెట్టెలోంచి వస్తున్నాయి, కాబట్టి ఏదీ కాపీ చేయకముందే చూసుకోవాలి. విండోస్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే ఫైల్ సిస్టమ్ అన్న వరసలో ఉంటుంది, మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీలో కనబడుతుంది. ఇప్పటికే నింపేసినవారు, వచ్చే డిస్కు కొన్నప్పుడు ముందు దాన్ని సరైన ఫార్మాట్‌లో పెట్టి, పాతదాంట్లోది అందులోకి కాపీ చేసి, ఫైళ్ల సంఖ్య రెండుచోట్లా సరిపోయిందని చూసుకున్నాకే పాతదాన్ని మార్చుకోవాలి. మార్చాక పాతదాంట్లోనూ మళ్లీ ఒక ప్రతి వేసి ఉంచుకోవాలి.